విడిది ఎక్కడ?

పెండ్లికి తరలివచ్చిన మగపెండ్లివారు ఊరి పొలిమేరలో అడుగుపెట్టగానే అడుగు మొదటి ప్రశ్న “విడిది ఎక్కడ?” అని. విందు ఎట్లుండునో, మేళమెవరిదో, పందిరి ఎంతటిదో, అవి యన్నియు ఆ తరువాతి మాటలు. విడిది సరిగా కుదరని పెండ్లిలో ఎన్ని పిండివంటలు వడ్డించినను మాట దక్కదని ఆడపెండ్లివారికి తెలియనిది కాదు. అందుచేతనే ముహూర్తము నిశ్చయమైన నాటినుండియే విడిదియింటికై వెదకుట మొదలిడుదురు. ఇంతటి లోకజ్ఞానము గలవారే, విద్యార్థులను చారిత్రక నగరమునకు తీసికొనిపోవునప్పుడు మాత్రము ఈ ప్రశ్నను చిట్టచివరకు నెట్టివేయుట వింత. చూడవలసిన స్థలముల పట్టిక ముందుగా సిద్ధమగును; బస్సు కిరాయి బేరము కుదురును; భోజనముల లెక్క తేలును. రాత్రి తల దాచుకొను చోటు మాత్రము “ఎక్కడో ఒకచోట చవుకగా దొరికినచో చాలును” అన్న ఒక్క వాక్యముతో ముగిసిపోవును.

ఆ ఒక్క వాక్యముతో విహారయాత్రలో సగము విద్య చేజారిపోవుచున్నది. చారిత్రక నగరములో బస ఎక్కడ చేయవలెను అన్నది సుఖమునకు సంబంధించిన చిన్న విషయము కాదు. ఆ నగరమును చూచుటయా, దాని ప్రక్కగా పోవుటయా అను దానిని నిర్ణయించునది అదియే.

కామారెడ్డి జిల్లాలోని మహమ్మద్‌నగర్‌ను ఉదాహరణగా తీసికొనవచ్చును. చిరకాలము నిజాంసాగర్ మండలములో నుండి, ఇటీవల ప్రత్యేక మండల కేంద్రమైన ఊరు అది. మంజీరా నదిపై 1923లో మొదలై 1931లో పూర్తియైన నిజాంసాగరము ఆ ప్రాంతమునకు ప్రాణము. అక్కడినుండి హైదరాబాదు దాదాపు 140 కిలోమీటర్ల దూరములో నున్నది. ఇటువంటి ఊరి పాఠశాలనుండి ఒక బృందము రెండు దినముల యాత్రకు బయలుదేరినదని అనుకొన్నచో, అది ఎట్లు సాగునో ఉపాధ్యాయులందరికిని తెలిసినదే. కోడికూతతో ప్రయాణము. పది గంటలకు గోలకొండ. మధ్యాహ్నము చార్మినారు వద్ద అరగంట. ఒకరినొకరు పట్టుకొని వరుసగా నిలుచుట, తలలు లెక్కించుకొనుట, తిరిగి బస్సెక్కుట. సాయంకాలము మరొక రెండు స్థలములు. చీకటిపడగానే నగరమునకు ఇరువది కిలోమీటర్ల ఆవల, రహదారి ప్రక్కన, ఒక కల్యాణమండపములో నిద్ర. మరునాడు మరల అదే రద్దీ, అదే కిటికీ.

చవుకబేరముగా కుదిరిన ఆ కల్యాణమండపము నిజముగా చవుకయేనా? నగరపు అంచునుండి నడిమికి వచ్చుటకు రద్దీవేళలో గంటన్నర పట్టినదని లెక్క వేసినచో, రెండు దినములలో నాలుగు ప్రయాణములకు ఆరు గంటలు. చార్మినారు వద్ద గడపినది అరగంట. దానిని చేరుటకును విడుచుటకును పట్టినవి ఆరు గంటలు. రూపాయలలో మిగిలినది కాలములో పోయినది. పల్లెటూరి విద్యార్థికి ఈ యాత్ర ఏటేట వచ్చు పండుగ కాదు. కూలికి పోవు తల్లి కొంత, బాకీపెట్టి తండ్రి కొంత సమకూర్చి పంపిన పైకముతో బయలుదేరినవాడు అతడు. పెరిగి పెద్దవాడైన తరువాత ఆ నగరమునకు ఉద్యోగము వెదకుకొనుచు పోవచ్చును, ఆస్పత్రికి పోవచ్చును, కాని చూచుటకొరకే పోవు అవకాశము మరల వచ్చునో రాదో. ఆ ఒక్క అవకాశములో అతనికి దక్కినది బస్సు కిటికీ యైనచో ఆ లోటును పూడ్చువారెవరు?

నగరమనగా కట్టడముల పట్టిక కాదు. కట్టడములను బొమ్మలలో చూపవచ్చును, పాఠ్యపుస్తకములో అచ్చువేయవచ్చును. పుస్తకములో పట్టనిది నగరపు ఉదయము, నగరపు రాత్రి. సూర్యోదయమునకు ముందు చార్మినారు చుట్టును జనసమ్మర్దముండదు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా నూతన నగరమునకు నడిబొడ్డుగా నిలిపిన ఆ నాలుగు మినారులు, నాలుగు వైపుల దారులు ఒక్కచోట కలియు తీరు, ఉత్తరమున చార్‌కమానుల వరుస, వాని నడుమ గుల్జార్ హౌజ్, ఇవన్నియు ఒక పథకము ప్రకారము గీచిన గీతలవలె ఆ వేళ స్పష్టముగా కనిపించును. మధ్యాహ్నపు రద్దీలో ఆ పథకమును చూపబోయిన ఉపాధ్యాయుని కంఠము ఆటోల మ్రోతలో కలిసిపోవును. మక్కా మసీదు ముంగిట పావురములకు గింజలు చల్లువారు, దుకాణపు మెట్లు కడుగుకొనువారు, ఇరానీ చాయ్ గ్లాసులు పట్టుకొని నిలుచున్న కూలీలు. నగరమును నడిపించు మనుష్యులు వీరు. రాత్రి లాడ్‌బజారులో గాజుల దుకాణముల వెలుగు, పత్తర్‌గట్టీ రాతి కమానుల క్రింది బేరములు మరొక పాఠము. ఉదయము పదింటికి వచ్చి, సాయంకాలము అయిదింటికి వెడలిపోవు బృందమునకు ఈ రెండు పాఠములును లేవు.

“ఇల్లు చూచి ఇల్లాలిని చూడు” మన్నది సామెత. వాకిలిలో నిలుచుండి ఇంటిని చూచితిమనుకొనుట ఎట్టిదో, విడిది చేయక నగరమును చూచితిమనుకొనుటయు అట్టిదే.

పూర్వులు ఈ విషయమును చక్కగా గ్రహించిరి. ఊరికి వచ్చిన బాటసారికి చోటు చూపుటను వారు రాజధర్మములలో ఒకటిగా నెంచిరి. రుద్రమదేవి కాలమునాటి 1261 మల్కాపురం శాసనములో విద్యాలయముతోను, ఆరోగ్యశాలతోను, ప్రసూతిశాలతోను పాటుగా అన్నసత్రమును కలదు. అక్కడ జాతిభేదము లేక వచ్చినవారి కెల్ల అన్నము పెట్టవలెనని ఏర్పాటు. చదువు చెప్పుచోటును, బాటసారి నిలుచుచోటును ఒకే ప్రాంగణములో నుంచిన ఆ ఊహ ఉపాధ్యాయులు ఆలోచింపదగినది. విద్యార్థియు నొక బాటసారియే. బాటసారియు నొక విద్యార్థియే.

కుతుబ్ షాహీల నగరములోను విడిదికి గౌరవస్థానమే యుండెను. గోలకొండకు సమీపమున షేక్‌పేటలోని సరాయి రెండంతస్తుల కట్టడము. బాటసారులకు గదులు, పశువులకు శాలలు, ప్రార్థనకు మసీదు ఒక్కచోట అమర్చినది. మచిలీపట్టణపు దారిలో హయాత్‌నగర్ వద్ద, హయాత్ బక్షీ బేగము పేర వెలసిన మసీదు ప్రాంగణమును చుట్టి నూటికి మించిన గదుల సరాయి యున్నది. వర్తకుల బిడారులు దిగిన చోటికి కార్వాన్ అను పేరు నేటికిని నిలిచియున్నది. 17వ శతాబ్దమున వజ్రముల వ్యాపారమునకై వచ్చిన ఫ్రెంచి బాటసారి టావెర్నియే, ఈ నగరపు శివారుపేటలో రెండు మూడు అందమైన మసీదులు పరదేశులకు సరాయిలుగా నుపయోగపడుచుండెనని వ్రాసికొనెను. వర్తకులు పగలు నగరములోనికి పోయి బేరములు ముగించుకొని, సాయంకాలమునకు శివారులోని తమ యిండ్లకు మరలుచుండిరని కూడ అతడు గమనించెను. ఎవరు ఎక్కడ నిద్రింతురో చూచి ఒక నగరపు సంఘస్థితిని చదువవచ్చునని అతని వ్రాతవలన తెలియును. ఏలికలు, కొలువువారు నదికి ఒకవైపు; వర్తకులు, పనివారు మరొకవైపు. కోటగోడకన్న ముందు విడిదియే ఆ భేదమును చెప్పుచున్నది.

తెలుగువారి యాత్రాసాహిత్యము కూడ ఈ ప్రశ్నతోనే మొదలైనదనవచ్చును. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీగా నుండిన ఏనుగుల వీరాస్వామి 1830లో కాశీకి బయలుదేరి, 1831లో తిరిగివచ్చెను. 1838లో అచ్చుపడిన ఆయన కాశీయాత్రచరిత్ర దినచర్యలో ప్రతి మజిలీయందును దిగుటకు తగిన చోటు గలదా, నీళ్లెట్లున్నవి, అంగళ్లున్నవా, కావలసినవి దొరకునా అన్న విచారణయే మున్ముందుగా కనిపించును. హైదరాబాదు విడిచి నిర్మల వైపు సాగిన ఆయన బాట నేటి కామారెడ్డి ప్రాంతము మీదుగానే పోయినది. పల్లకీలు, బోయీలు, గుడారములు గల సంపన్నుడే విడిదిని గూర్చి అంత శ్రద్ధ వహింపగా, పల్లెబడి పిల్లలను వెంటబెట్టుకొని పోవువారు దానిని ఉపేక్షింపరాదు. ఆయన దినచర్యలోని నాలుగు పుటలను యాత్రకు ముందుగా తరగతిలో చదివించినచో, విడిదిని చూచు కన్ను విద్యార్థులకును అలవడును.

ఇక హైదరాబాదు విషయమున విడిది ఎక్కడ చేయవలెను? సామాన్యముగా నాలుగు మార్గములు కనిపించును. మొదటిది నగరపు అంచు. దాని లోటు పైన చెప్పబడినది. రెండవది సికిందరాబాదు. కామారెడ్డి వైపునుండి వచ్చువారికి అది ముందుగా తగులును, బసలకును కొదువలేదు. కాని అది 1806 ప్రాంతమున దండు విడిదిగా పెరిగిన ఊరు. దాని చరిత్ర వేరు, తీరు వేరు. కుతుబ్ షాహీల నగరమును చూడవచ్చినవారు అక్కడ దిగినచో ఒక ఊరిలో నిద్రించి మరొక ఊరిని చూచినట్లగును. మూడవది చార్‌కమానుల లోపలి భాగము. ఇది అన్నిటికన్న దగ్గర. కాని ఇరుకు వీథులలో నలుబది మంది పిల్లలకు ఒక్కచోట చాలినన్ని గదులు దొరకుట కష్టము, ఆ వీథులలో బస్సు నిలుచుట అంతకన్న కష్టము.

నాలుగవది మూసీకి ఉత్తరపు ఒడ్డున, అఫ్జల్‌గంజ్, కోఠీ, సుల్తాన్‌బజార్‌ల ప్రాంతము. మహమ్మద్‌నగర్ వంటి చోటునుండి వచ్చు బృందమునకు ఇది అన్నిటికన్న తగినది. కామారెడ్డిలో రైలెక్కినవారు కాచిగూడ స్టేషనులో దిగవచ్చును. 1916నాటి ఆ స్టేషను భవనమే మొదటి చూపునకు తగిన కట్టడము. బస్సులో వచ్చినవారు జూబిలీ బస్ స్టేషనువద్ద దిగి, 2020లో ప్రారంభమైన మెట్రో మార్గమున మహాత్మాగాంధీ బస్ స్టేషనుకు చేరవచ్చును. ఆ తరువాత బస్సుతో పని లేదు, కాళ్లున్నవి. అఫ్జల్‌గంజ్ నుండి నయాపూల్ దాటి, మదీనా కూడలి, పత్తర్‌గట్టీ మీదుగా, చార్‌కమానుల నడుమనుండి చార్మినారుకు అరగంట నడక. ఆ అరగంటలో మూసీ కనబడును, హైకోర్టు కనబడును, ఉస్మానియా ఆస్పత్రి కనబడును. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలకొలది ప్రజలను పొట్టబెట్టుకొన్ననాడు నూరుమందికి పైగా ఎక్కి ప్రాణములు దక్కించుకొన్న చింతచెట్టు ఆ ఆస్పత్రి ఆవరణలోనే యున్నది. చరిత్ర పాఠమునకు అంతకన్న పెద్ద నల్లబల్ల వేరొకటి లేదు.

తెలుగు ఉపాధ్యాయులకు ఈ చోటు మరియు ఆప్తమైనది. 1901 సెప్టెంబరు 1న స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము సుల్తాన్‌బజారులోనే యున్నది. నిజాము రాజ్యమున తెలుగు చదువునకు ఆదరణ కరువైన దినములలో భాషకు అది విడిదియిల్లు. 1943లో ఏర్పడిన సారస్వత పరిషత్తు అక్కడికి దూరము కాదు. 1891లో ఆసఫియా గ్రంథాలయముగా పుట్టిన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయము అఫ్జల్‌గంజ్‌లోనే, మూసీ ఒడ్డున నున్నది. కోఠీలోని పూర్వపు రెసిడెన్సీ భవనము 19వ శతాబ్దారంభమున కిర్క్‌ప్యాట్రిక్ కట్టించినది. నేడది చాకలి ఐలమ్మ పేర వెలసిన మహిళా విశ్వవిద్యాలయమునకు నెలవు. ఒకనాడు పరప్రభుత్వ ప్రతినిధి కొలువుతీరిన మందిరమున భూమికై పోరాడిన ఒక స్త్రీ పేర ఆడపిల్లలు చదువుకొనుచున్నారన్న సంగతి, ఏ మ్యూజియములోని వస్తువుకన్నను విద్యార్థినుల మనస్సులలో నాటుకొనును. విడిది ఇక్కడ కుదిరినచో ఇవన్నియు కార్యక్రమములో చేర్చనక్కరలేదు. అవి త్రోవలోనే ఎదురగును.

దీనికి ఆక్షేపణలు లేకపోలేదు. వానిలో కొన్ని త్రోసిపుచ్చదగినవి కావు. నగరపు నడుమనున్న చవుక బసలలో శుభ్రత తక్కువ, గదులు ఇరుకు, చప్పుడు ఎక్కువ. ఆడపిల్లలకు తగిన మరుగుదొడ్లు, స్నానపు గదులు, తలుపులకు గట్టి గడియలు ఉన్నవో లేవో ముందుగా తెలియదు. ఈ ఒక్క కారణముచేతనే ఎందరో తల్లిదండ్రులు కుమారుని పంపి కుమార్తెను ఇంట నిలుపుదురు. వారిని తప్పుపట్టుట న్యాయము కాదు. “రాత్రి ఎక్కడ ఉంచెదరు సారూ?” అని ఒక తల్లి అడిగినప్పుడు ఉపాధ్యాయుడు నిశ్చయముగా ఊరు, వీథి, అంతస్తు, తోడుండు ఉపాధ్యాయిని పేరు చెప్పలేకపోయినచో ఆ తల్లి సందేహము సహేతుకమే. విడిదిని చివరి క్షణమున వెదకు అలవాటు ఎవరికి నష్టము కలిగించుచున్నదో ఇక్కడ స్పష్టమగును. మగపిల్లలు ఎట్లో సర్దుకొందురు. ఆడపిల్లలు యాత్రకే దూరమగుదురు. మంచి విడిదివలన యాత్ర సుఖవంతమగుటయే కాదు, ఎవరు వచ్చెదరు, ఎవరు ఇంట మిగిలిపోవుదురు అన్నదియు తేలును.

మరియొక ఆక్షేపణ కలదు. అది బిగ్గరగా చెప్పబడదు, గుసగుసగా చెప్పబడును. “పాతబస్తీలో రాత్రి ఉండుట మంచిది కాదు” అను మాట అది. పగలు చార్మినారును చూపవచ్చునట, రాత్రి అక్కడ నిలువరాదట. ఎప్పుడో జరిగిన అల్లర్ల వార్తలు, ఎవరో చెప్పిన కథలు ఈ భయమునకు మూలము. జాగ్రత్త వేరు, అపనమ్మకము వేరు. ఏ మహానగరమునందైనను రాత్రివేళ నలుబది మంది పిల్లలను కనిపెట్టి యుండుట జాగ్రత్త; ఒక పేటలో నివసించు లక్షలాది జనమును చూడకయే శంకించుట అపనమ్మకము. మొదటిది ఉపాధ్యాయుని విధి. రెండవది నోటిమాటగా నేర్పబడు చెడుపాఠము. ఏ పాఠ్యప్రణాళికలోను లేకున్నను పిల్లలు దానిని వెంటనే నేర్చుకొందురు. బస్సు చీకటిపడక ముందే పాతబస్తీ విడిచి పరుగెత్తినచో, ఎందుకో చెప్పనక్కరలేకయే వారికి అర్థమగును.

మహమ్మద్‌నగర్ అను పేరును ప్రతిదినము బడి బోర్డు మీద చదువుచు, బతుకమ్మను, పీర్ల పండుగను ఒకే ఊరి పండుగలుగా ఎరిగి పెరిగిన పిల్లలు వారు. అట్టివారికి నగరమునకు పోయిన తరువాత ఒక పేట పరాయిదని తెలియజేయుట విద్య కాదు. ఆ పేటలో ఒక ఉదయము గడపి, దారి అడిగినప్పుడు దుకాణదారుడు లేచి వచ్చి చూపగా, అతని దక్కనీ ఉర్దూలో తమ ఊరి సంతలో వినిపించు మాటలనే గుర్తుపట్టిన విద్యార్థికి ఉపన్యాసములతో పని లేదు. అతిథిగా ఒక్క రాత్రి గడపిన చోటిని గూర్చి జీవితాంతము చెడుమాట నమ్ముట కష్టము.

ఖర్చు గూర్చిన ఆక్షేపణకు సమాధానము లెక్కలోనే యున్నది. నగరపు నడుమ గది అద్దె ఎక్కువే కావచ్చును. కాని రెండు దినములు బస్సును నగరములో త్రిప్పు డీజిలు ఖర్చు, నిలుపుడు రుసుము, డ్రైవరు బత్తా తగ్గును. చూడవలసిన స్థలముల సంఖ్యను సగమునకు తగ్గించినచో ఇంకను తగ్గును. అట్లు తగ్గించుట నష్టము కాదు. పదునాలుగు స్థలములను చూచి ఒక్కదాని పేరును గుర్తుంచుకొనలేని యాత్రకన్న, నాలుగింటిని చూచి నాలుగింటిని గూర్చియు వ్యాసము వ్రాయగల యాత్ర మేలు.

విడిదిని నిర్ణయించుటకు ముందు ఉపాధ్యాయులు వేసికొనదగిన ప్రశ్నలు కొన్ని కలవు. చూడవలసిన ముఖ్యస్థలమునకు పిల్లలు నడచి పోగలరా? గదులన్నియు ఒకే అంతస్తులో నున్నవా? రెండవ మెట్లదారి గలదా? నీరు వేకువజామున వచ్చునా? ఆడపిల్లల గదులకు ప్రక్కనే ఉపాధ్యాయినులకు గది దొరకునా? సమీపమున ఆస్పత్రి, పోలీసు స్టేషను ఎంత దూరము? వీనికి సమాధానములు టెలిఫోనులో దొరకవు. పదిదినములు ముందుగా ఒక ఉపాధ్యాయుడును, ఒక ఉపాధ్యాయినియు పోయి కన్నులార చూచి రావలెను. వారముల సంగతియు మరువరాదు. సాలార్‌జంగ్ మ్యూజియమునకును, చౌమహల్లా మందిరమునకును శుక్రవారము సెలవు. అది తెలియక శుక్రవారము చేరిన బృందమునకు విడిది ఎంత దగ్గరగా నున్నను మూసిన తలుపులే ఎదురగును.

ఈ సూత్రము హైదరాబాదునకే పరిమితము కాదు. ఓరుగల్లుకు పోవు బృందములు హనుమకొండలో, 1163నాటి వేయిస్తంభముల గుడికి నడకదూరమున దిగినచో, వేకువనే జనము లేని మండపమును చూడగలరు. ఓరుగల్లు కోటలో నాలుగు కీర్తితోరణములు నిలిచియున్న ఆవరణమునకు చుట్టును, మట్టికోట లోపలనే నేటికిని జనులు కాపురముండి పొలములు దున్నుకొనుచున్నారు. వారితో ఒక సాయంకాలము మాటలాడిన పిల్లలకు కాకతీయుల కోట శిథిలముగా కాక, ఊరుగా తోచును.

పాశ్చాత్య దేశములలో ఈ ప్రశ్నకు సమాధానము కనుగొన్నవాడు ఒక బడిపంతులు. జర్మనీలో రిచర్డ్ షిర్మన్ అను ఉపాధ్యాయుడు 1909లో తన విద్యార్థులతో కాలినడకన యాత్ర చేయుచు, ఉరుములతో కూడిన గాలివానలో చిక్కుకొని, ఒక పల్లెటూరి బడిలో తలదాచుకొనవలసి వచ్చెను. ఆ రాత్రి అతనికి ఒక ఊహ తట్టినది. సెలవులలో బడులన్నియు ఖాళీగానే యుండును గదా, నడచి వచ్చు పిల్లలకు అవి విడుదులు కారాదా అని. ఆ ఊహయే 1912లో ఆల్టెనా పట్టణములోని పురాతన దుర్గమున యువజన వసతిగృహముగా రూపొంది, ఆ తరువాత దేశదేశములకు వ్యాపించినది. ధనవంతుడు కాని ఒక పంతులు, పాత కోటను పిల్లల విడిదిగా మార్చెను.

అటువంటి కట్టడములు ఇక్కడ లేవా? నాంపల్లి స్టేషను చెంత రైలు ప్రయాణికులకొరకై 1919లో, ఏడవ నిజాము కాలమున కట్టబడిన సరాయి దీర్ఘకాలము నిరాదరణకు లోనైనది. అట్టి కట్టడములను బాగుచేయుటలో అంగళ్లకును, హోటళ్లకును చోటు కేటాయించునప్పుడు, పది గదులను ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకై విడిచిపెట్టుట అసాధ్యము కాదు. బాటసారికొరకు పుట్టిన కట్టడము బాటసారికే మరల దక్కుటకన్న మంచి పునరుద్ధరణ ఏమున్నది? అది జరుగునంతవరకు షిర్మన్ చూపిన దారి యుండనే యున్నది. దసరా, సంక్రాంతి సెలవులలో పాతనగరములోని పాఠశాలల గదులు ఖాళీగా నుండును. ఆ పాఠశాలల ప్రధానోపాధ్యాయులు, జిల్లాల ప్రధానోపాధ్యాయులు ఒకరితో నొకరు ఉత్తరప్రత్యుత్తరములు జరిపి, విద్యాశాఖ అనుమతితో, రెండు రాత్రులకు నాలుగు గదులు ఏర్పాటు చేసికొనుటకు అడ్డేమియు లేదు. ఆడపిల్లలకు బాలికల పాఠశాలకన్న నిశ్చింతయైన విడిది వేరొకటి దొరకదు.

ఈ ఏర్పాటులో మరియొక మేలు గలదు. విడిది ఒకవైపునుండియే సాగు మర్యాద కాదు, ఇచ్చి పుచ్చుకొనునది. ఒక ఏడు మహమ్మద్‌నగర్ పిల్లలు పాతనగరపు బడిలో నిద్రించినచో, మరుసటి ఏడు పాతనగరపు పిల్లలు మహమ్మద్‌నగర్ బడికి రావలెను. వారికి చూపదగినది ఇక్కడ తక్కువ కాదు. నవాబు అలీ నవాజ్ జంగ్ బహదూరు పర్యవేక్షణలో వెలసిన నిజాంసాగరము వారి నగరపు చరిత్రలో భాగమే. 1908 వరద తరువాత విశ్వేశ్వరయ్య సూచనల ననుసరించి నగరమును కాపాడుటకు ఉస్మాన్‌సాగరము 1920లో, హిమాయత్‌సాగరము 1927లో పూర్తియైనవి. పల్లెలను తడుపుటకు నిజాంసాగరము 1931లో పూర్తియైనది. అలీ నవాజ్ జంగ్ జన్మదినమైన జూలై 11ను తెలంగాణములో ఇంజనీర్ల దినముగా జరుపుదురు. కొళాయి త్రిప్పి నీరు పట్టుకొను నగరపు బాలునికి కట్టమీద నిలిచి మంజీరను చూచుట ఎంత వింతయో, చెరువు క్రింది మడిలో పెరిగిన బాలికకు వేకువజామున చార్మినారు క్రింద నిలుచుట అంతే వింత. ఒకే కాలమున, ఒకే ఏలుబడిలో కట్టబడిన జలాశయముల కథను ఇరువురును ఒకరి ముంగిట ఒకరు విందురు.

విహారయాత్ర ముగిసిన తరువాత ప్రతి పాఠశాలలోను వ్యాసము వ్రాయింతురు. “మేము చార్మినారు చూచితిమి. అది చాలా ఎత్తుగా నున్నది” అని మొదలై, “తరువాత బస్సెక్కితిమి” అని ముగియు వ్యాసములు ఉపాధ్యాయులకు క్రొత్తవి కావు. తప్పు పిల్లలది కాదు. వారు చూచినది అంతే. నగరములో ఒక్క రాత్రి నిద్రించి, ఒక్క ఉదయము లేచిన పిల్లల వ్యాసము వేరుగా నుండును. అందులో ఒక వీథి పేరు ఉండును. ఒక మనుష్యుని మాట ఉండును. మేలుకొన్నప్పుడు వినబడిన మొదటి శబ్దమేమో ఉండును. ఆ వ్యాసమును కోరు ఉపాధ్యాయుడు, వచ్చే ఏటి యాత్రకు కాగితము తీసి స్థలముల పట్టిక వ్రాయకమునుపే, పైన ఒక్క ప్రశ్న వ్రాసికొనవలెను: విడిది ఎక్కడ?